కరవీరము, హృదయము: ఒక శివపుష్పము యొక్క చరిత్ర

నెల్లూరు సముద్రతీరమున విడవలూరు మండలంలోని రామతీర్థమునకు పోయే యాత్రికులు సముద్రస్నానము చేసి కామాక్షీ సమేత రామలింగేశ్వరస్వామిని సేవించుట పరిపాటి. ఈ తీరమంతటా, మైపాడు మొదలుకొని శ్రీహరికోట దాకా, ఇసుక నేల, ఉప్పుగాలి. సుకుమారమైన పూలమొక్కలు ఇటువంటి చోట ఎంత నీరు పోసినా ఏపుగా ఎదగవు. గన్నేరు మాత్రము ఎండకు వాడదు, ఉప్పుగాలికి మాడదు, పశువులు దాని ఆకు ముట్టవు. కంచెగా నాటినా పెరుగుతుంది, ఆలయపు బావి పక్కన నాటినా పెరుగుతుంది, ఏడాది పొడవునా పూలిస్తుంది. అందుచేత తీరగ్రామాల శివాలయాలలో నిత్యార్చనకు సులభముగా దొరికే పుష్పము ఇదే అయినది.

తెలుగువారు గన్నేరు అనే పేరును ఒక మొక్కకు కాక నాలుగింటికి ఇచ్చినారు. ఎరుపు, తెలుపు, గులాబి రంగులలో పూచే గన్నేరు ఒకటి. సంస్కృతమున కరవీరమన్నది ఇదే. గంట ఆకారపు పసుపు పూవుల పచ్చగన్నేరు రెండవది. ఇసుక దిబ్బలలో ఎవరూ నాటకుండానే మొలిచే బిళ్ళగన్నేరు మూడవది. కొమ్మ విరిస్తే పాలు కారే దేవగన్నేరు నాలుగవది. ఆకారములో వీనికి పెద్దగా పోలిక లేదు. ఒకటి పొద, ఒకటి చిన్నచెట్టు, ఒకటి జానెడు మొక్క, ఒకటి లావుపాటి కొమ్మల వృక్షము. అయినను ఆధునిక వృక్షశాస్త్రజ్ఞులు ఈ నాల్గింటిని అపోసైనేసీ అనే ఒకే కుటుంబమున చేర్చినారు. పల్లెజనుల చూపు ఇక్కడ తప్పిపోలేదు. సర్పగంధ, ఏడాకుల పాల, వాక్కాయ కూడా ఆ కుటుంబమువే. శివునికి ప్రియమైన జిల్లేడును పూర్వము వేరు కుటుంబములో ఉంచేవారు. ఇప్పుడు దానిని కూడా ఇందులోనే కలిపినారు.

ఈ కుటుంబమునకు హృదయముతోను, రక్తనాళములతోను ఉన్న సంబంధము విచిత్రమైనది. వీని పాలలో, గింజలలో, వేళ్ళలో గుండె నడకను మార్చే ద్రవ్యములు, నాళములను సడలించే ద్రవ్యములు అనేకము కలవు. అందులో ఒక ద్రవ్యమును శుద్ధరూపమున వేరుచేసి లోకమునకు చూపినవారు ఆంధ్రదేశపు విశ్వవిద్యాలయములో పనిచేసిన ఆచార్యులే. ఈ సంగతి భక్తులలో చాలామందికి తెలియదు. దానికి బదులు నేడు వేరొక మాట వ్యాపిస్తున్నది: గన్నేరు గుండెకు మందని మన ఋషులు ఏనాడో చెప్పినారని, దాని ఆకుల కషాయము త్రాగితే హృద్రోగము పోవునని. ఈ మాట ప్రాణాపాయకరము. శాస్త్రదృష్టితో చూచినను అసత్యము. శాస్త్రములు ఏమి చెప్పినవో ముందు చూడవలెను.

అమరకోశము కరవీరమునకు ఇచ్చిన పర్యాయపదములలో హయమారకము ఒకటి. గుఱ్ఱమును చంపునది అని అర్థము. సుశ్రుతసంహిత కల్పస్థానములో స్థావరవిషములను విభజించి, వేరు విషమైన మొక్కలను ఎనిమిదింటిని పేర్కొన్నది. వానిలో అశ్వమారము, అనగా ఇదే కరవీరము, ఉన్నది. తరువాతి కాలపు రసశాస్త్ర గ్రంథములు దీనిని ఉపవిషములలో చేర్చినవి. ఉపవిషమును శోధింపక వాడరాదని విధించి, కరవీరమును గోక్షీరములో దోలాయంత్రమున ఉడికించి శుద్ధి చేయవలెనని చెప్పినవి. పేరులోనే హెచ్చరిక ఉంచిన పూర్వులు దానిని కషాయముగా ఇంటింటా త్రాగుమని ఎట్లు చెప్పగలరు?

చరకసంహితలో కరవీరము కనబడేది కుష్ఠఘ్న గణములో, అనగా చర్మవ్యాధులను పోగొట్టే పది ద్రవ్యముల వరుసలో. కుష్ఠచికిత్సాధ్యాయములో తెల్లగన్నేరు చేరిన తైలము ఒకటి చెప్పబడినది. అది పైపూతకు. చరకుడు హృద్యగణమని వేరుగా పది ద్రవ్యములు చెప్పినాడు. మామిడి, అంబాళము, వాక్కాయ, రేగు, దానిమ్మ, మాదీఫలము వంటి పుల్లని పండ్లు అవి. కరవీరము అందులో లేదు. హృద్యము అన్న పదమునకు గుండెకు బలమిచ్చునది అనే అర్థముతో పాటు మనసుకు ఇంపైనది, రుచికరమైనది అనే అర్థము కూడా కలదు. పుల్లని పండ్లను చూస్తే ఆ రెండవ అర్థమే అక్కడ బలముగా ఉన్నట్లు తోచును. హృద్రోగమునకు ప్రత్యేకముగా చెప్పిన వృక్షము అర్జునము, అనగా తెల్లమద్ది. 11వ శతాబ్దికి చెందిన చక్రపాణిదత్తుడు దాని పట్టను పాలతో కాచి ఇవ్వవలెనని చక్రదత్తములో విధించినాడు. కనుక గుండెకు పూర్వులు ఇచ్చినది మద్ది, తోలుకు పూసినది గన్నేరు. ఈ భేదమును చెరిపివేసి అన్నింటిని ఋషులకు ఆపాదించుట ఋషులను గౌరవించుట కాదు.

ఇంకొక సత్యము కూడా గ్రహింపవలెను. నాలుగు గన్నేరులలో ఈ దేశమున ప్రాచీనకాలము నుండి ఉన్నది కరవీరము ఒక్కటే. బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపమునది. దేవగన్నేరు, పచ్చగన్నేరు అమెరికా ఖండముల ఉష్ణదేశములవి. ఐరోపావారి ఓడల రాకపోకలు మొదలైన తరువాత మన తీరములకు చేరినవి. పచ్చగన్నేరు శాస్త్రీయనామము తెవేషియా పెరూవియానా. పేరులోనే పెరూ దేశము కలదు. తెవేషియా అన్న పేరు 16వ శతాబ్దములో బ్రెజిల్ వెళ్ళివచ్చిన ఆంద్రే తెవే అనే ఫ్రెంచి క్రైస్తవ సన్న్యాసి పేరు మీద వచ్చినది. ఒక పరదేశ సన్న్యాసి పేరు మోసే పరదేశ వృక్షమును మన పూర్వులు గన్నేరు అని పిలిచి, పూవు కోసి లింగము మీద ఉంచినారు. ఇందులో దోషమేమీ లేదు. అయితే దానిని వేదకాలపు ఓషధి అనుట మాత్రము కుదరదు.

గుండె మీద మొక్కల ప్రభావమును ఆధునిక వైద్యము మొదట తెలుసుకొన్నది గన్నేరు వలన కాదు. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున ఒక వృద్ధురాలు ఒళ్ళు నీరుపట్టే జబ్బుకు ఇరవైకి పైగా మూలికలు కలిపిన మందు ఇచ్చేది. వైద్యులు వదిలివేసినవారు కూడా కొందరు దానితో కోలుకొన్నారు. విలియం విథరింగ్ అనే వైద్యుడు ఆ మూలికలలో పనిచేసేది ఒక్కటే, అది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క అని గుర్తించి, ఏండ్ల తరబడి రోగులను పరిశీలించి 1785లో గ్రంథము ప్రకటించినాడు. ఎందరికి మేలైనదో రాసినట్లే, ఎక్కువ మోతాదుచే ఎవరికి కీడైనదో కూడా దాచక రాసినాడు. ఆ గ్రంథపు గొప్పతనము ఇందులోనే ఉన్నది. ఆ జాతి మొక్కల నుండి తరువాత తీసినవే డిజిటాక్సిన్, డిగాక్సిన్ అనే ఔషధములు.

ఫాక్స్‌గ్లోవ్ చల్లని దేశముల మొక్క. తెలుగు మైదానములలో బ్రతకదు. దాని వంటి గుణము కలది మన దేశములో దొరుకునా అనే ప్రశ్న 20వ శతాబ్ది ఆరంభమున భారతీయ శాస్త్రజ్ఞులకు కలిగినది. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయములో ఆర్.ఎన్. చోప్రా, బి. ముఖర్జీ పచ్చగన్నేరు గింజలలోని తెవెటిన్ అనే ద్రవ్యమును జంతువుల గుండెపై పరీక్షించి 1933లో ఫలితములను ప్రకటించినారు. మరుసటి సంవత్సరము అమెరికాలో కె.కె. చెన్ కూడా స్ఫటికరూపపు తెవెటిన్‌ను పరీక్షించినాడు. ఫాక్స్‌గ్లోవ్ ద్రవ్యముల వలె ఇది గుండెను బలముగా ముడుచుకొనునట్లు చేయునని, మోతాదు మించితే లయ తప్పించునని ఇద్దరి పరిశోధనలూ తేల్చినవి.

ఇక వాల్తేరు సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్ర విభాగమును 1933 నుండి నడిపినవారు తిరువేంగడం రాజేంద్ర శేషాద్రి. మొక్కలలోని రంగుద్రవ్యములు, కషాయద్రవ్యములు ఆయన విషయము. సమృద్ధిగా ధనము గల సంస్థ కాదు అది. పైగా 1942 ఏప్రిల్‌లో జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలిపోయినది; యుద్ధము ముగిసిన తరువాత గాని తిరిగి రాలేదు. అట్టి పరిస్థితులలో కూడా ఆయన వద్ద శిక్షణ పొందిన శిష్యవర్గము పెద్దది. ఆ పరంపరలోనివారే ఎస్. రంగస్వామి.

రంగస్వామి స్విట్జర్లాండులోని బాసెల్ నగరమునకు పోయి తాడేయుష్ రైక్‌స్టైన్ వద్ద పనిచేసినారు. రైక్‌స్టైన్ అధివృక్కగ్రంథి హార్మోనులను కనుగొన్నందుకు 1950లో నోబెల్ బహుమానము పొందినవాడు. హృదయముపై పనిచేసే మొక్కల ద్రవ్యములు కూడా ఆయనకు అంతే ఇష్టమైన విషయము. వీరిద్దరు కలసి 1949లో కరవీరములోని ద్రవ్యములను వేరుచేసి ఒడొరోసైడ్లు అని పేరు పెట్టి ప్రకటించినారు. అర్చకుడు ప్రతిదినము ఉదయము చేతిలోకి తీసుకొనే పూవు మొక్కలోనివే అవి.

వాల్తేరుకు తిరిగి వచ్చిన రంగస్వామి, అక్కడి ఔషధశాస్త్ర విభాగములోని ఇ. వెంకటరావుతో కలసి పచ్చగన్నేరు గింజలను పరిశోధించినారు. గింజలో నూనె అధికము. మొదట దానిని తీసివేయవలెను. మిగిలిన పిండిని తడిపి కొంతకాలము ఉంచితే ఆ గింజలోనే ఉన్న ఎంజైములు పనిచేసి తెవెటిన్‌కు తగులుకొని ఉన్న రెండు గ్లూకోజు భాగములను విడదీయును. బయటి ఆమ్లము అక్కరలేదు, గింజయే తన తాళము తాను తీసుకొనును. అప్పుడు మిగిలే చిన్న ద్రవ్యములలో ఒకదానిని 1950వ దశకము చివరిలో వీరు శుద్ధముగా వేరుచేసినారు. దాని పేరు పెరువోసైడ్. అంతకు పూర్వము ఒకే పదార్థమనుకొన్న తెవెటిన్ నిజమునకు రెండు పదార్థముల మిశ్రమమని, అందులో ఒకటి పెరువోసైడును, మరొకటి నీరిఫోలిన్ అనే దానిని ఇచ్చునని క్రమముగా తెలిసినది. 1962లో బాసెల్ బృందము, ఫ్రాన్సుకు చెందిన ఫ్రెరెజాక్, రంగస్వామి కలసి పచ్చగన్నేరులోని ఈ జాతి ద్రవ్యములన్నింటిపై ఒక పెద్ద వ్యాసమును స్విట్జర్లాండు రసాయనశాస్త్ర పత్రికలో ప్రకటించినారు.

అపక్వబుద్ధికి ఇది కేవలము రసాయనశాస్త్రమని తోచవచ్చును. కాని శోధనము అన్న ప్రాచీన పదము ఇక్కడ గుర్తుకు రాక మానదు. రసశాస్త్రము పాలలో ఉడికించి విషపు తీవ్రతను తగ్గింపజూచినది. వాల్తేరు ఆచార్యులు విషమును తగ్గింపలేదు. దానిని మిగిలిన అన్నింటి నుండి విడదీసి, తూకమునకు లొంగునట్లు చేసినారు. ఒక చెట్టు గింజలో ఎంత విషము ఉన్నదో, మరొక చెట్టు గింజలో ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు. నేలను బట్టి, ఋతువును బట్టి, గింజ ముదురును బట్టి అది మారును. శుద్ధద్రవ్యమును మాత్రము మిల్లిగ్రాములో భాగముగా కొలవవచ్చును. మందుకు, విషమునకు మధ్య దూరము అతి స్వల్పముగా ఉన్న పదార్థమునకు ఆ కొలతయే సర్వస్వము.

ఆ దూరము ఎందుకంత స్వల్పము? శరీరములోని ప్రతి కణము తన లోపలి సోడియమును బయటకు తోసి, పొటాషియమును లోపలికి తెచ్చుకొనే ఒక పంపును నిరంతరము నడుపుచుండును. ఆ పంపును 1957లో డెన్మార్కుకు చెందిన యెన్స్ స్కౌ కనుగొన్నాడు. 1997లో నోబెల్ బహుమానములో భాగము పొందినాడు. గన్నేరు, ఫాక్స్‌గ్లోవ్, జిల్లేడు ద్రవ్యములు ఈ పంపునే పట్టుకొనును. పంపు కొంత మందగించినప్పుడు గుండెకణములో సోడియము పెరుగును. దానివలన కాల్షియము బయటకు పోవుట తగ్గి లోపల నిలువ పెరుగును. కాల్షియము పెరిగితే కండర సంకోచము బలపడును. నీరసించిన గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును తోయగలుగును. అదే సమయమున నాడుల ద్వారా గుండె వేగము తగ్గును. ఇంతవరకు ఔషధము. పంపు ఇంకా మందగిస్తే అదే కాల్షియము గుండె లయను చెదరగొట్టును. పై గదుల నుండి క్రింది గదులకు సంకేతము పోవుట ఆగిపోవును. రక్తములో పొటాషియము ప్రమాదకరముగా పెరుగును. మందు పనిచేసే మార్గము, విషము చంపే మార్గము రెండు కావు. ఒకే మార్గమున కొంచెము ముందుకు పోవుటయే. అందుచేతనే ఈ జాతి మందు వాడే రోగి రక్తమును, హృదయలేఖనమును వైద్యుడు మరల మరల పరీక్షించును.

పెరువోసైడును ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో ఆర్.బి. అరోరా బృందము జంతువులపై పరీక్షించి, గుండె వైఫల్యము గల కొందరు రోగులకు కూడా ఇచ్చి 1967లో ఫలితములను ప్రకటించినది. నోటిద్వారా ఇచ్చినను అది పనిచేసినది. తరువాత జర్మనీలో ఎన్‌కార్డిన్ అనే పేరుతో మందుగా కూడా వచ్చినది. నెల్లూరు కంచెలలో రాలిపోయే గింజ వంటిదే ఐరోపా మందుల దుకాణములో మాత్రగా నిలిచినది.

అది నిలదొక్కుకొనలేదు. డిగాక్సిన్ అప్పటికే వైద్యులకు అలవాటైన మందు. దాని కంటె పెరువోసైడు స్పష్టముగా మేలని తేలలేదు. ఇంతలో గుండె వైఫల్యముపై ఉన్న దృష్టియే మారినది. అలసిన గుండెను మరింత బలముగా కొట్టించుట కంటె, దాని ఎదుట బిగిసి ఉన్న రక్తనాళములను సడలించి బరువు తగ్గించుట మేలని తెలిసినది. ఆ దారిలో వచ్చిన మొదటి గొప్ప మాత్ర కాప్టోప్రిల్; దానికి మూలము బ్రెజిల్‌లోని ఒక రక్తపింజర జాతి పాము విషములో దొరికిన పెప్టైడులు. డిగాక్సిన్ మీద కూడా 1997లో సుమారు 6,800 మంది రోగులతో జరిగిన పెద్ద పరిశీలన, అది ఆసుపత్రి పాలగుటను తగ్గించునేగాని మొత్తము మీద మరణములను తగ్గింపలేదని చూపినది. పుష్పము పక్కకు తప్పుకొన్నది, సర్పము ముందుకు వచ్చినది. రెండును శివుని మీదివే అనుకొనుట భక్తుని చమత్కారము. శాస్త్రమునకు దానితో నిమిత్తము లేదు.

రక్తనాళముల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ కుటుంబములోని మరి రెండు మొక్కలను విడువరాదు. సర్పగంధ వేరు అధికరక్తపీడనమునకు పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ బ్రిటీషు హృద్రోగ పత్రికలో రాసిన తరువాతనే లోకము దానిని పట్టించుకొన్నది. 1952లో బాసెల్‌లోని సీబా సంస్థవారు దాని నుండి రిసర్పిన్‌ను వేరుచేసినారు. సర్పగంధలో ఉన్న అజ్మలిసిన్ అనే మరొక ద్రవ్యము నాళములను సడలించును. అదే ద్రవ్యము మన తీరపు ఇసుకలో తనంత తాను మొలిచే బిళ్ళగన్నేరు వేరులోను దొరుకును. బిళ్ళగన్నేరు ఆకులు క్యాన్సరు మందులకు ప్రసిద్ధి; వేరు రక్తప్రసరణ మందులకు ముడిసరుకుగా దక్షిణదేశము నుండి విదేశములకు ఎగుమతి అయినది. కాలి క్రింది మొక్క అని దానిని తొక్కుచు సముద్రస్నానమునకు పోవుట ఇక్కడ అందరికీ అలవాటే.

ఇప్పుడు ఈ చరిత్రలోని దుఃఖభాగము. తెలుగుపల్లెలలో గన్నేరుపప్పు అన్న మాట వింటే మొదట గుర్తుకు వచ్చేది మందు కాదు. అప్పులవలన, కలహములవలన, పరీక్షలో తప్పుటవలన క్షణికావేశములో దానిని ఆశ్రయించినవారి కథలు లేని పల్లె అరుదు. దక్షిణభారతమున, శ్రీలంకలో ఇది పెద్ద సమస్య. జాఫ్నా ప్రాంతమున 1980వ దశకము నుండి ఇట్టి కేసులు విపరీతముగా పెరిగి, క్రమముగా ఆ ద్వీపములోని ఇతర ప్రాంతములకు కూడా వ్యాపించినవి. చనిపోయినవారిలో చాలామంది యువకులు, యువతులు. మరణించవలెనని దృఢనిశ్చయము చేసికొన్నవారు కూడా కారు.

శ్రీలంక వైద్యులు, ఆంగ్ల వైద్యులు కలసి అక్కడ ఒక చికిత్సను పరీక్షించినారు. గొఱ్ఱెలలో డిగాక్సిన్‌కు విరుద్ధముగా పుట్టించిన ప్రతిరక్షకమును శుద్ధిచేసి రోగికి ఎక్కించుట ఆ చికిత్స. అది డిగాక్సిన్ కొరకు చేసినదే అయినను పచ్చగన్నేరు ద్రవ్యముల ఆకృతి దానికి దగ్గరిదగుటచే వానిని కూడా పట్టుకొనును. గుండె లయ ప్రమాదకరముగా తప్పిన 66 మందిని రెండు భాగములు చేసి, 34 మందికి ఆ ప్రతివిషమును, 32 మందికి ఉత్త ద్రవమును ఇచ్చినారు. రెండు గంటలలో ప్రతివిషము పొందినవారిలో 15 మందికి గుండె సహజలయకు వచ్చినది. రెండవ భాగములో ఇద్దరికి మాత్రమే. 2000 సంవత్సరములో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితములు వెలువడినవి. మందు పనిచేయునని తేలినది, కాని దాని వెల మన దేశములోని సామాన్య ఆసుపత్రికి అందునది కాదు. అందుచేత ఇక్కడ వైద్యుల చేతిలో ప్రధానముగా ఉండేవి కడుపులోని విషమును పీల్చే బొగ్గుపొడి, తాత్కాలిక పేస్‌మేకరు, అట్రోపిన్.

ఈ అట్రోపిన్ ప్రస్తావనలో ఒక వింత ఉన్నది. గన్నేరు విషముచే గుండె మరీ మందగించినప్పుడు దానిని వేగపరచుటకు ఇచ్చే ఇంజెక్షను అట్రోపిన్. ఉమ్మెత్తలోని ప్రధాన క్షారద్రవ్యమైన హయోసయమిన్‌కు ఇది అతి సన్నిహితమైన రూపము. ఉపవిషముల పట్టికలో జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు మూడును కలవు. శివపూజాద్రవ్యములలో కూడా ఆ మూడును కలవు. వైద్యుడు విషములని రాసిపెట్టుకొన్న మూడు మొక్కల పూవులను అర్చకుడు ఒకే లింగము మీద ఉంచుచున్నాడు. హాలాహలమును మ్రింగక, ఉమియక, కంఠమున నిలిపినవానికి లోకము తాకుటకు భయపడే పూవులను అర్పించుట సహజమే అని పౌరాణికులు చెప్పుదురు. ఆ కంఠములో నిలుపుట అన్న మాటనే ఔషధశాస్త్రము మోతాదు అని వ్యవహరించునని కొందరి భావన. ఇక్కడ జాగ్రత్త అవసరము. గన్నేరు విషమునకు ఉమ్మెత్త విరుగుడని దీని అర్థము కాదు. ఉమ్మెత్త గింజ కూడా అంతే కొలతలేని విషము. ఒకదానిపై మరొకటి పోయుట రెండు మరణములను కలుపుట. వైద్యుడు ఇచ్చేది శుద్ధిచేసి తూచిన అట్రోపిన్, అదియు హృదయలేఖనమును చూచుచు.

ఆలయాచారము ఈ భేదమును మౌనముగా పాటించుచునే ఉన్నది. తీర్థపాత్రలో తులసి వేయుదురు, బిల్వదళము వేయుదురు. గన్నేరు పూవు స్వామి శిరస్సునకు చేరును గాని భక్తుని నోటికి చేరే తీర్థములో పడదు. పూలమాలలో ఉండును, నైవేద్యములో ఉండదు. నిర్మాల్యమును తీసి జనులు తొక్కని చోట వేయుదురు. తీర్థము ఇచ్చునప్పుడు పళ్ళెములో గన్నేరు రేక పడి ఉంటే తీసి పక్కన పెట్టుట పెద్ద అర్చకులు పిల్లవాండ్రకు మొదట నేర్పే పనులలో ఒకటి. ఎందుకని అడిగితే నేడు రసాయనము పేరు చెప్పవచ్చును. పూర్వము హయమారకము అన్న పేరు చెప్పితే చాలునుగదా.

ఇక నేడు చేతిఫోనులలో తిరిగే గన్నేరు కషాయపు చీటీలు. గుండెకు మందులు వాడేవారిలో కొందరు, ముఖ్యముగా డిగాక్సిన్ వాడే వృద్ధులు, ఆ మాత్రలు మాని ఈ ఆకు మరగించుకొనుటకు సిద్ధపడుచున్నారు; మరి కొందరు రెండింటిని కలిపి వాడుచున్నారు. రెండును ఒకే పంపును పట్టుకొనునవి కనుక కలిపి వాడితే విషము రెట్టింపగును. ఆకు, పూవు, గింజ, వేరు, పాలు ఏదియు మినహాయింపు కాదు. ఎవరైనా తెలిసిగాని, తెలియకగాని గన్నేరు తిన్నారని అనుమానము కలిగితే వాంతి చేయించుట, చింతపండు రసము, మజ్జిగ పోయుట వంటివి చేయుచు కాలము గడపరాదు. మొదట మనిషి బాగానే కనబడును. గుండె లయ కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాడు తప్పును. హృదయలేఖన యంత్రము, రాత్రింబగళ్ళు కనిపెట్టి చూచే వైద్యులు ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. తీరగ్రామముల వారికి అది నెల్లూరు పట్టణము. తిన్నది ఏమిటో వైద్యునికి దాచక చెప్పవలెను. పరువు కొరకు దాచుటవలన సరియైన చికిత్సకు ఆలస్యమగును.

రంగస్వామి, వెంకటరావుల తరువాత కూడా వాల్తేరు ఔషధశాస్త్ర విభాగములో మొక్కల పరిశోధన ఆగలేదు. పెరువోసైడు ఇప్పుడు మందుల దుకాణములో లేకపోయినను ప్రయోగశాలలలో కలదు. గుండె కొరకు కాక, కణముల పంపుపై దాని పట్టును ఇతర వ్యాధులలో పరీక్షించువారు ఉన్నారు. దాని మూలమైన చెట్టు తీరపు ఊళ్ళలో యథాప్రకారము పసుపు పూవులు రాల్చుచున్నది. ఆ పూవులను కోసే పిల్లలకు, కోసిన తరువాత చేతులు కడుగుకొనుమని, గింజతో ఆడుకొనవద్దని చెప్పే పెద్దలు కూడా ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు.